బ్రేకు గరగరలాడితే ఏం అరిగినట్టు?

రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి వెలిసింది. ఇంటి ముందు తడిసిన కారు తీసి, సందు మలుపులో బ్రేకు మీద కాలు వేయగానే చక్రాల్లోంచి గర్రుమని చప్పుడు. రెండో బ్రేకుకి తగ్గుతుంది, నాలుగో ఐదో బ్రేకుకి పూర్తిగా పోతుంది. అదే చప్పుడు ఇంకో కారులో మండువేసవి మధ్యాహ్నం వస్తుంది. వారం గడిచినా పోదు, పైగా రోజురోజుకీ ముదురుతుంది. చెవికి రెండూ ఒకటే. మొదటిదానికి చేయాల్సిందేమీ లేదు. రెండోదాన్ని పట్టించుకోకపోతే ప్యాడ్లతో తీరిపోయే ఖర్చు డిస్కుల దాకా, ఒక్కోసారి కాలిపర్ దాకా పాకుతుంది. ఖర్చు సంగతి అలా ఉంచి, ఎదురుగా పిల్లవాడు పరిగెత్తుకొచ్చినప్పుడు ఆగాల్సిన చోట ఆ కారు ఆగదు.

ఈ రెంటి తేడా ఇంటి దగ్గరే కనిపెట్టవచ్చు. చప్పుడు ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగిపోతోంది అని శ్రద్ధగా వినడం, చేతిలో ఒక టార్చిలైటు, వీలైతే ఒక చక్రం విప్పి చూడటం. ఇంత చాలు. విన్నదానికి అర్థం తెలియాలంటే మాత్రం బ్రేకు తొక్కిన క్షణంలో చక్రం వెనక ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

వేగమంతా వేడిగా మారే చోటు

మనం బ్రేకు చక్రాన్ని పట్టి ఆపుతుందనుకుంటాం. అది నిజమే కానీ సగమే. కారు వేగంలో ఉన్న శక్తి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. బ్రేకు దాన్ని వేడిగా మారుస్తుంది. మనుషులతో కలిపి వెయ్యి కిలోలున్న చిన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే దాదాపు 386 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న లీటరుకు పైగా నీళ్లు మరగడానికి అది సరిపోతుంది. పొయ్యి మీద నిమిషాలు పట్టే పని ఇక్కడ నాలుగైదు సెకన్లలో, అరచేయంత వెడల్పున్న పలకల మధ్య జరిగిపోతుంది. వేగం సగానికి తగ్గి 50 కిలోమీటర్లైతే ఆ వేడి సగం కాదు, నాలుగో వంతే. హైవే మీద బ్రేకు పడే శ్రమకూ కాలనీలో పడే శ్రమకూ అంత తేడా అందుకే.

బ్రేకు వేసినప్పుడు మనం ముందుకి తూలినట్టే కారు బరువు కూడా ముందు చక్రాల మీదకి ఒరుగుతుంది. అందువల్ల ఆపే పనిలో మూడింట రెండు వంతులో అంతకన్నా ఎక్కువో ముందు బ్రేకులే చేస్తాయి. మన దేశంలో చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండటానికి కారణం ఇదే. గరగర శబ్దం కూడా ఎక్కువగా ముందు నుంచే మొదలవుతుంది.

డిస్కు అంటే చక్రంతో పాటే తిరిగే పోత ఇనుప పళ్లెం. దాని అంచుని రెండు వైపులా పట్టుకుని కూర్చునే ఇనుప దిమ్మ కాలిపర్. కాలిపర్‌లో డిస్కుకి అటొకటి ఇటొకటి ప్యాడ్లు ఉంటాయి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ గొట్టాల వెంట ఒత్తిడి పాకి, కాలిపర్‌లోని పిస్టన్‌ను ముందుకి నెడుతుంది. పెడల్ కాడ పొడవు, ఇంజన్ పీల్పుతో పనిచేసే బూస్టర్, పిస్టన్ వెడల్పు, ఈ మూడూ కలిసి మన పాదం బలాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు ప్యాడు డిస్కు మీద టన్ను బరువుకు మించిన బలంతో నొక్కుకుంటుంది.

కాలు తీశాక ప్యాడు వెనక్కి ఎలా వస్తుంది? అక్కడ లాగే స్ప్రింగు ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ చదరపు అంచులున్న ఒక రబ్బరు వలయం ఉంటుంది. పిస్టన్ ముందుకి కదిలినప్పుడు అది కొంచెం మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను తనతో పాటు వెనక్కి లాగుతుంది. అలా వచ్చేది మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులు మాత్రమే. ప్యాడు అరిగితే పిస్టన్ ఆ వలయంలోంచి కాస్త జారి, ముందుకొచ్చిన చోటే స్థిరపడుతుంది. ఎవరూ బిగించకుండానే బ్రేకు తనను తాను సర్దుకుంటూ ఉంటుందన్నమాట. కారులోని పనితనాల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ చిన్న రబ్బరు ముక్కే. అయితే దీనివల్ల ఒక చిక్కుంది. ప్యాడు పన్నెండు మిల్లీమీటర్లున్నా మూడే మిల్లీమీటర్లు మిగిలినా పెడల్ కాలికి ఒకేలా తగులుతుంది. ప్యాడు అయిపోతోందన్న సంగతి కాలు చెప్పలేదు. చెవి, కన్ను చెప్పాల్సిందే.

అరగడానికే చేసిన వస్తువు

రెండు వస్తువులు రాసుకుంటే ఏదో ఒకటి అరగక తప్పదు. డిస్కు ఖరీదైనది, ప్యాడు చవక. అందుకని ప్యాడే అరిగేలా దాన్ని తయారుచేస్తారు. ఉక్కు పలక మీద నార పోగులు, లోహపు పొడి, గ్రాఫైటు, ఖనిజాల పొడి కలిపి, వేడికి గట్టిపడే జిగురుతో అచ్చు పోసిన పొర ఒకటి అంటించి ఉంటుంది. మెకానిక్కులు లైనింగ్ అనేది దీన్నే. కొత్తప్పుడు దీని మందం కారుని బట్టి 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఈ పొర విలువ చరిత్ర చూస్తే బాగా తెలుస్తుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. ఊహ సరైనదే. కానీ ఆయన వాడింది రాగి ప్యాడ్లు. లోహం మీద లోహం రాసుకుని చెవులు మూసుకోవాల్సినంత రొద పుట్టేది, అరుగుదల కూడా త్వరగా వచ్చేది. హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ నార కలిపిన లైనింగులు తెచ్చాక ఆ బాధ తగ్గింది. అయినా డిస్కు బ్రేకు నిలదొక్కుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెం డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచింది. 1955లో సిట్రొయెన్ డీఎస్ వాటిని మామూలు కొనుగోలుదారుల దాకా తెచ్చింది. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక చాలా దేశాల్లో ప్యాడ్లలోంచి దాన్ని తీసేసి వేరే నారలు వాడుతున్నారు.

ఈ రోజు మన కారు ప్యాడు లైనింగు పూర్తిగా అరిగిపోతే జరిగేది సరిగ్గా లాంచెస్టర్ కాలపు దుస్థితే. లైనింగు వెనకున్న ఉక్కు పలక నేరుగా పోత ఇనుప డిస్కుని నొక్కుతుంది. నున్నగా కనిపించే లోహాల మీద కూడా కంటికి ఆనని మిట్టపల్లాలుంటాయి. టన్ను బలంతో ఆ మిట్టలు ఒకదానితో ఒకటి గుచ్చుకుని, వేడికి అక్కడక్కడా అతుక్కుని, మరుక్షణం చిరిగిపోతుంటాయి. చిరిగిన రేణువులు మధ్యలో ఇరుక్కుని డిస్కు మీద చాళ్లు దున్నుతాయి. మనకు వినిపించే గరగర ఈ చిరుగుడు, ఈ దున్నుడే. కాలి కింద పెడల్‌లో కూడా బరబరమని తెలుస్తుంది.

ఇక్కడి నుంచి నష్టం వేగం పుంజుకుంటుంది. ఉక్కు పలకకి డిస్కుని పట్టే శక్తి తక్కువ, కారు ఆగే దూరం పెరుగుతుంది. అరిగి పల్చబడిన డిస్కు వేడిని తనలో అంతగా దాచుకోలేదు, త్వరగా కాగుతుంది, పగుళ్లు తేలుతుంది. ప్యాడు, డిస్కు రెండూ పల్చబడితే పిస్టన్ తన గూటిలోంచి ఉండాల్సిన దానికంటే ఎక్కువ బయటికి వస్తుంది. అక్కడ తుప్పు, దుమ్ము పట్టి సీలు దెబ్బతింటే బ్రేక్ ఆయిల్ కారడం మొదలవుతుంది. మొదట చప్పుడుగా మొదలైనది చివరికి బ్రేకే లేకుండా పోవడం దాకా వస్తుంది.

ముందు కీచు, ఆ తర్వాత గరగర

అదృష్టవశాత్తూ చాలా ప్యాడ్లలో ముందస్తు హెచ్చరిక ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడు అంచున వంచిన చిన్న స్ప్రింగు రేకు అది. లైనింగు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగేసరికి ఆ రేకు కొస డిస్కుని తాకి సన్నగా, పదునుగా కీచుమంటుంది.

పలక మీద బలపం నిలువుగా పట్టి గట్టిగా నొక్కి గీస్తే ఒళ్లు జలదరించేలా కీచుమనడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బలపం పలకకి పట్టుకుంటుంది, నొక్కుడు ఎక్కువై జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి కొన్ని వేలసార్లు ఇలా పట్టుకోవడం, జారడం జరిగితే ఆ వణుకే శబ్దంగా వినిపిస్తుంది. బలపాన్ని కాస్త వాల్చి పడితే నిశ్శబ్దం. రేకూ డిస్కూ తాకిన చోట జరిగేది ఇదే.

కీచు వినిపించినంత మాత్రాన ప్యాడ్లు అయిపోయాయని తీర్మానించకూడదు. ప్యాడు వెనకుండే సన్నటి షిమ్ రేకు ఊడినా, ప్యాడు అంచు గట్టిపడి మెరుపు తేలినా, ప్యాడు కూర్చునే చోట గ్రీజు ఎండిపోయినా ఇలాగే పట్టుకుని జారే వణుకు పుడుతుంది. కీచుకు సమయం ఉంది. చూపించుకోవడానికి కొద్ది రోజులు ఆగవచ్చు. గరగరకి ఆ వెసులుబాటు లేదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకున్నా చాలా డిస్కులు బతుకుతాయి.

చప్పుడు ఎప్పుడు వస్తోంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లి 'ఏదో సౌండొస్తోంది' అంటే ఆయన నాలుగు చక్రాలూ విప్పాలి. ఎప్పుడొస్తోందో చెప్పగలిగితే సగం పని అక్కడే అయిపోతుంది. ఖాళీ రోడ్డు మీద, అద్దాలు దించి, రేడియో ఆపి, గోడ పక్కగా నెమ్మదిగా నడిపితే చప్పుడు గోడకి తగిలి తిరిగి స్పష్టంగా వినబడుతుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఏ మూల నుంచి వస్తోందో వినమనండి.

బ్రేకు తొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోయే గరగర అయితే అనుమానం నేరుగా ప్యాడ్ల మీదే. కాలికి కూడా బరబర తెలిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

వాన తర్వాతో, కారు కడిగిన మర్నాడో వచ్చి నాలుగైదు బ్రేకులకి పోయేది తుప్పు పొర. డిస్కు రాసుకునే ముఖానికి రంగు వేయరు, వేయలేరు. తడి తగిలిన పోత ఇనుము రాత్రికి రాత్రే పల్చగా ఎర్రబడుతుంది. ప్యాడ్లు దాన్ని తుడిచేస్తాయి. దీనికి భయపడక్కర్లేదు. కానీ విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి వీచే ఊళ్లలో వారాల తరబడి కదలకుండా ఉంచిన కారు సంగతి వేరు. ఉప్పు తేమకి తుప్పు లోతుగా తింటుంది. ప్యాడు ఆనుకుని ఉన్నంత మేర డిస్కు మీద దాని ఆకారంలోనే మచ్చ పడుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ మచ్చ దగ్గర ఒక గర్రు. అది రోజుల తరబడి నడిపినా పోకపోతే డిస్కు చూపించాల్సిందే. సెలవుల్లో ఊరెళ్లి నెలల పాటు కారు వదిలేసేవారు, విదేశాల్లో ఉండి ఏడాదికోసారి ఇంటికొచ్చి అదే కారు తీసేవారు, దీన్ని తప్పక గమనించాలి.

బ్రేకు తొక్కకపోయినా గీసుకుంటున్న చప్పుడు వస్తుంటే, అదీ కంకర రోడ్డు మీద వెళ్లొచ్చిన వెంటనే మొదలైతే, డిస్కు వెనకున్న రేకు కవచానికీ డిస్కుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండవచ్చు. చప్పుడు వినడానికి ఘోరంగా ఉంటుంది, రోగం మాత్రం చిన్నది. మెల్లగా కాస్త దూరం వెనక్కి నడిపితే ఒక్కోసారి రాయి రాలిపోతుంది. లేకపోతే చక్రం విప్పి ఆ రేకుని చేత్తో కొద్దిగా వంచితే చాలు.

బ్రేకుతో సంబంధం లేకుండా వేగంతో పాటు పెరిగే గుర్రుమనే మోత, కారు ఒక పక్కకి తిప్పినప్పుడు ఎక్కువై ఇంకో పక్కకి తిప్పినప్పుడు తగ్గితే అది చక్రం బేరింగు. స్టీరింగు పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టకటకమంటే ఆక్సిల్ కీలు. ఈ రెంటికీ ప్యాడ్లు మార్చి ప్రయోజనం లేదు.

తడి రోడ్డు మీద గబుక్కున బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటూ గరగరలాడటం చాలామందిని కంగారు పెడుతుంది. అది ఏబీఎస్ పనిచేస్తున్న చప్పుడు. చక్రం బిగుసుకుపోయి జారకుండా సెకనుకి ఎన్నోసార్లు ఒత్తిడి వదిలి మళ్లీ పడుతూ ఉంటుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఆ సమయంలో భయపడి కాలు తీయడమే అసలు ప్రమాదం. గట్టిగా తొక్కే ఉంచాలి.

చప్పుడుతో పాటు మిగతా గుర్తులు కూడా చూడండి. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగుతోందా? కొంత దూరం నడిపి దిగాక ఒక చక్రం మాత్రమే మాడు వాసన వేస్తోందా? రిమ్ముకి దగ్గరగా చేయి పెడితే ఒకవైపు సెగ ఎక్కువగా ఉందా? తాకవద్దు, దగ్గర పెడితే చాలు. అలా ఉంటే ఆ చక్రంలో పిస్టన్ గానీ కాలిపర్ పిన్నులు గానీ బిగుసుకుపోయి ప్యాడు డిస్కుని వదలడం లేదని అర్థం.

బ్రేక్ ఆయిల్ డబ్బా చెప్పే సంగతి

*బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు వెనగ్గా తెల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు ముందుకొచ్చి వాటి వెనక ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ నింపడానికి డబ్బాలోని ఆయిల్ కిందికి పోతుంది. అందువల్ల నెలల తరబడి నెమ్మదిగా మట్టం తగ్గితే ప్యాడ్లు అరిగాయని అర్థం. హఠాత్తుగా తగ్గితే ఎక్కడో కారుతోందని అర్థం, అప్పుడు కారు కదపకూడదు. తగ్గిందని వెంటనే నింపేయడం చాలామంది చేసే పని. ఆ తర్వాత కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు నింపిన ఆయిల్ పొంగి పొర్లుతుంది. అది పడిన చోట కారు రంగు లేచిపోతుంది. పొరపాటున పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.*

చక్రం విప్పి చూస్తే

అల్లాయ్ చక్రాల సందుల్లోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడు కనిపిస్తుంది. 'ఇంకా బోలెడుంది' అని తృప్తి పడి వదిలేస్తాం. మోసపోయేది ఇక్కడే. చిన్న కార్లలో పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడుని నొక్కాక, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడుని లాక్కొస్తుంది. ఆ పిన్నులకి తుప్పు పట్టి జారకపోతే భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. బయటిది సగం ఉండగానే లోపలిది ఉక్కు పలక దాకా అరిగిపోతుంది. గరగరలాడే చాలా కార్లలో కథ ఇదే. పిన్నుల సంగతి చూడకుండా ప్యాడ్లు మాత్రం మార్చితే కొత్త ప్యాడ్లకీ అదే గతి పడుతుంది.

చక్రం విప్పడానికి చదునైన, గట్టి నేల కావాలి. మట్టి మీద, వాలు మీద వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్క దిమ్మలో పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. బ్రేకు పని చేయాలంటే స్టాండు తప్పనిసరి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద చేయి గానీ తల గానీ పెట్టకండి. స్టాండు లేకపోతే ఈ పని ఇంట్లో మొదలుపెట్టవద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

విప్పాక లోపలి ప్యాడు మందం చూడండి. లైనింగు మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. డిస్కు మీద వేలు అడ్డంగా రాస్తే గోరు ఆగేంత లోతు చాళ్లున్నాయా, అంచున గట్టులా లేచిందా, నీలం రంగు మచ్చలున్నాయా గమనించండి. డిస్కు అంచున గానీ మధ్య టోపీ భాగం మీద గానీ కనీసం ఎంత మందం ఉండాలో పోసిన అంకె ఉంటుంది. కొలిస్తే అంతకన్నా తక్కువ వచ్చిన డిస్కుని లేత్ మీద నున్న చేయించడం ప్రమాదం, ఎందుకంటే నున్న చేయడమంటే ఇంకా పల్చన చేయడమే. చాళ్లు తేలికగా ఉండి, మందం సరిపడా ఉంటేనే లేత్ పని. మందం ఆ అంకె కంటే తగ్గిందంటే కొత్త డిస్కులే.

ఆ నల్లటి దుమ్ముని నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం మన షెడ్లలో రోజూ కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి. పాత, నాసిరకం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. లేకపోయినా సన్నటి లోహపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. తడి గుడ్డతోనో, బ్రేక్ క్లీనర్ స్ప్రేతోనో తుడవాలి, ముక్కుకి మాస్కు కట్టుకోవాలి.

ప్యాడ్లు మార్చే పని

పానాలు పట్టడం అలవాటున్నవారికి ముందు ప్యాడ్లు మార్చడం కష్టమైన పని కాదు. కింది పిన్ను బోల్టు విప్పి కాలిపర్‌ను పైకి తిప్పితే ప్యాడ్లు బయటికి వస్తాయి. కాలిపర్‌ను పూర్తిగా విప్పాల్సి వస్తే దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు. బరువుకి గొట్టం లోపలి పొర చిరుగుతుంది, బయటికి తెలియదు. తీగతో స్ప్రింగుకి కట్టి ఉంచాలి. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. ఏది ఎలా ఉండేదో సందేహం వస్తే చూసుకోవడానికి ఆ రెండోదే ఆధారం.

పిన్నులు రెండూ బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, తుప్పు ఉంటే తీసేసి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మామూలు బండి గ్రీజు రాస్తే అక్కడి రబ్బరు ఉబ్బి, పిన్ను ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. తర్వాత డబ్బా మూత వదులు చేసి, పాత ప్యాడు అడ్డం పెట్టి సీ క్లాంపుతో పిస్టన్‌ను నెమ్మదిగా గూటిలోకి నెట్టాలి. అది మొరాయిస్తే బలవంతం చేయవద్దు. పిస్టన్ పట్టేసిందన్నమాట, అది మెకానిక్ చూడాల్సిన పని. వెనక కూడా డిస్కులున్న కార్లలో చాలావాటికి పిస్టన్ నెడితే పోదు, తిప్పుతూ నెట్టాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే దాన్ని ముందు కంప్యూటరు పరికరంతో వదులు చేయాలి. అలాంటి వాటి జోలికి ఇంట్లో పోవద్దు. వెనక డ్రమ్ముల్లోని షూలు, వాటి స్ప్రింగులు కూడా అంతే. కొంచెం తేడాగా పెడితే షూ డ్రమ్ములో బిగుసుకుంటుంది.

ప్యాడ్లు ఎప్పుడూ ఒకే వరుసలోని రెండు చక్రాలకీ కలిపే మార్చాలి. ఒక్కవైపు మార్చితే ఆ వైపు పట్టు వేరుగా ఉండి కారు లాగుతుంది. ప్యాడు ముఖానికి గానీ డిస్కుకి గానీ గ్రీజు చేయి తగలనివ్వకండి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. డిస్కు ఆనుకునే హబ్బు ముఖం మీద తుప్పు పెచ్చులుంటే గీకేయాలి. అక్కడ చిన్న పెచ్చు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని, కొన్నాళ్లకి పెడల్ వణకడం మొదలవుతుంది. బోల్టులు, చక్రం నట్లు ఎంత బిగించాలో కారు పుస్తకంలో ఉంటుంది, టార్క్ రెంచి ఉంటే దాని ప్రకారం బిగించండి.

అన్నీ బిగించాక ఒక పని మరిచిపోతే ప్రమాదం తప్పదు. పిస్టన్‌ను వెనక్కి నెట్టాం కాబట్టి మొదటిసారి పెడల్ తొక్కితే అది నేల దాకా పోతుంది, బ్రేకు పడదు. కారు కదపకముందే పెడల్ గట్టిపడే దాకా పదేపదే తొక్కాలి, ఆ తర్వాత ఆయిల్ మట్టం చూడాలి. గట్టిపడకుండా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి చేరింది. అలాంటి కారు రోడ్డెక్కకూడదు.

కొత్త ప్యాడ్లు పూర్తి పట్టు ఇవ్వడానికి కొంత సమయం కావాలి. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా ఒక మోస్తరుగా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు చేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పల్చటి పొరగా అతుక్కుంటుంది. తర్వాతి కాలమంతా ప్యాడు రాసుకునేది ఎక్కువగా ఆ పొర మీదే. వేడి మీదున్నప్పుడు పెడల్ తొక్కిపట్టి ఒకచోట నిలబడితే అక్కడ పొర దళసరిగా పడి వణుకు మొదలవుతుంది.

ఘాట్ రోడ్డు మీద ఏం జరుగుతుంది?

*తిరుమల నుంచి దిగేటప్పుడో, అరకు నుంచి విశాఖ వైపు వచ్చేటప్పుడో కొందరు న్యూట్రల్‌లో వేసి, కాలు బ్రేకు మీదే ఉంచి దిగుతారు. డిస్కుకి చల్లారే విరామం ఉండదు, 300 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. అంత వేడికి ప్యాడు జిగురు నుంచి వాయువులు వెలువడి పట్టు తగ్గుతుంది. ఆ వేడి పిస్టన్ గుండా బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ ఒక్కసారిగా నేలకి దిగిపోయేది అందుకే. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చమనేదీ, ఎక్కిన గేరులోనే దిగమనేదీ ఇందుకే.*

అరిగిన ప్యాడు, పల్చబడిన డిస్కు, తేమ పట్టిన ఆయిల్ ఊళ్లో నెలల తరబడి బయటపడకుండా ఉండవచ్చు. మూడూ కలిసి బయటపడేది ఇలాంటి దిగుడులోనే, అదీ కారు నిండా కుటుంబం ఉన్నప్పుడు. యాత్రకి బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకున్నట్టే లోపలి ప్యాడ్లు కూడా చూడమని మెకానిక్‌ను అడగండి. చక్రం విప్పి చూపించమనండి. మార్చినప్పుడు తీసిన పాత ప్యాడ్లు నాలుగూ అడిగి చేతిలోకి తీసుకోండి. నాలుగూ ఒకే మందంలో అరిగితే కాలిపర్లు బాగున్నట్టు. ఒకటి మిగతావాటి కంటే బాగా పల్చబడితే ఆ చక్రం పిన్నులు, పిస్టన్ చూడకుండా బండి తీసుకోకండి. ఏ కిలోమీటరు దగ్గర మార్చారో కారు పుస్తకంలో రాసిపెట్టుకుంటే మళ్లీ ఎప్పుడు చూసుకోవాలో ముందే తెలుస్తుంది.

గరగర ఇప్పటికే మొదలైందా? అయితే ఆ కారుని దూరం తీసుకెళ్లకండి. దగ్గరి షెడ్డుకి నెమ్మదిగా, ముందు బండికి బాగా ఎడంగా నడిపించుకెళ్లండి. పెడల్ కిందికి దిగుతున్నా, ఆయిల్ కారుతున్నా అది కూడా వద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.